వెన్నులో లేజర్ పని ఎంత?

డాక్టరు ఎమ్మారై ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి "ఆపరేషన్ అవసరం పడొచ్చు" అనగానే, రోగి వెంట వచ్చినవాళ్ళ నోట వచ్చే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "లేజర్‌తో చేస్తారా సార్, కోసి చేస్తారా?" ఆ ప్రశ్న వెనకాల పాత భయం ఒకటి ఉంది: వెన్నుకి కత్తి తగిలితే మనిషి మంచాన పడతాడని. ఎదురుగా హోర్డింగుల హామీ ఉంది: కోత లేదు, కుట్లు లేవు, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్ళొచ్చు. భయానికీ హామీకీ మధ్య నలిగే కుటుంబం లేజర్ వైపు మొగ్గడంలో వింతేమీ లేదు. కానీ ఈ పద్ధతికి నలభై ఏళ్ళ చరిత్ర ఉంది, ఆ చరిత్రలో పరీక్షకు నిలిచినవీ, నిలవనివీ ఉన్నాయి. వాటిని ఒకచోట పెట్టి చూస్తే, వెన్ను విషయంలో లేజర్ చేయగలిగే పని నిజమైనదేగానీ చాలా చిన్నదని తేలుతుంది. ఆ చిన్న పని ఎవరికి పనికొస్తుందన్నది యంత్రాన్ని బట్టి ఉండదు. రోగి కాలు ఎక్కడ లాగుతోంది, ఎన్ని వారాలుగా లాగుతోంది, ఫిల్ములో కనిపించేది ఆ లాగుడుకి సరిపోతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు డిస్కు సంగతి. వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్కులో నడుమ మెత్తటి గుజ్జు, చుట్టూ పొరలుపొరలుగా గట్టి పీచు ఉంటాయి. పీచు చిట్లితే గుజ్జు వెనక్కి తోసుకొచ్చి పక్కనే పోతున్న నరం మీద పడుతుంది. పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క దాకా, పాదం దాకా జివ్వుమని లాగే సయాటికా నొప్పికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఇదేనని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ ప్రచురించిన వ్యాసంతోనే ప్రపంచానికి స్పష్టంగా తెలిసింది. అంతకుముందు ఆ ముక్కల్ని మృదులాస్థి కణితులనుకునేవారు. ఆ వ్యాసం తర్వాత దశాబ్దాల తరబడి వైద్యం ఒకటే: వీపు మీద పెద్ద గాటు పెట్టి, కండరాన్ని పక్కకు లాగి, ఎముక కొంత తీసి, నరాన్ని జరిపి, ముక్కని బయటికి లాగడం. ఊళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకునే భయం ఆ రోజులదే. 1977లో యాసర్గిల్, కాస్పర్ వేర్వేరుగా మైక్రోస్కోపుతో చేసిన శస్త్రచికిత్సల ఫలితాలు ప్రచురించాక గాటు చిన్నదైంది, కండరానికి దెబ్బ తగ్గింది. మైక్రో డిసెక్టమీ అనే ఆ పద్ధతే నేటికీ కొత్త పద్ధతులన్నిటికీ కొలబద్ద. హోర్డింగు మీద "పాత పద్ధతి" అని పొడవాటి గాటు బొమ్మ వేసి చూపించడమంటే, పోటీలో లేని ప్రత్యర్థిని ఓడించడమే.

గాటే వద్దు, సూదితోనే పని కానిద్దాం అన్న ఆలోచన లేజర్ కంటే పాతది. మొదట వచ్చింది బొప్పాయి. పచ్చి బొప్పాయి పాలలోంచి తీసిన కైమోపపైన్ అనే ఎంజైమ్‌ని డిస్కులోకి ఎక్కిస్తే లోపలి గుజ్జుని అరిగించేస్తుందని లైమన్ స్మిత్ అనే అమెరికన్ వైద్యుడు 1960లలో మనుషుల మీద చేసి చూపించాడు. 1982లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. చాలామందికి ఉపశమనం కలిగింది కూడా. అయితే కొందరికి ప్రాణాంతకమైన అలర్జీ వచ్చింది, అరుదుగా వెన్నుపాము దెబ్బతింది. 2003 నాటికి అమెరికాలో మందు అమ్మకమే ఆగిపోయింది. ఈలోగా 1975లో జపాన్‌కి చెందిన హిజికాటా చర్మంలోంచి సన్నని గొట్టం పంపి గుజ్జు తీసే పద్ధతి ప్రకటించాడు. ఎంజైమ్ అయినా, గొట్టమైనా, తర్వాత వచ్చిన లేజరైనా నమ్ముకున్నది ఒకే సూత్రాన్ని: డిస్కు మూసి ఉన్న గది, లోపల కొంచెం ఖాళీ చేసినా ఒత్తిడి బాగా పడిపోతుంది. బిగించి గాలి కొట్టిన సైకిల్ ట్యూబులోంచి కొద్దిగా వదిలితే చాలు, రాయిలా ఉన్నది మెత్తబడుతుంది గదా. ఒత్తిడి తగ్గితే బయటికి ఉబ్బిన భాగం కాస్త వెనక్కి తగ్గి నరాన్ని వదులుతుందని ఆశ.

ఈ వరసలోనే 1986 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో లేజర్ ప్రవేశించింది. గుండె రక్తనాళాల్లో అడ్డంకుల్ని లేజర్‌తో కరిగించే ప్రయత్నాలు చేస్తున్న న్యూయార్క్ వైద్యుడు డేనియల్ చోయ్, గ్రాజ్ న్యూరోసర్జన్ పీటర్ ఆషర్ కలిసి ఒక రోగి నడుం డిస్కులోకి సూది దించి, అందులోంచి గాజు తీగ పంపి, నియోడిమియమ్ యాగ్ లేజర్‌తో గుజ్జుని కాల్చారు. పద్ధతి పేరు పర్‌క్యుటేనియస్ లేజర్ డిస్క్ డీకంప్రెషన్. వైద్యులు పొట్టిగా పీఎల్‌డీడీ అంటారు. 1991లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది.

అది ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పేరు విన్నప్పుడు మనసులో మెదిలే బొమ్మకీ అసలు పనికీ చాలా తేడా. రోగిని బోర్లా గానీ పక్కకి గానీ పడుకోబెడతారు. మత్తు ఆ చోటికే. రోగి మెలకువగా ఉంటాడు, ఉండాలి కూడా. వెన్ను మధ్య నుంచి ఒక జానెడు లోపు పక్కకి జరిగి సూది గుచ్చి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ఏటవాలుగా డిస్కు నడిమికి చేరుస్తారు. సూది నరానికి తగిలితే కాలు జివ్వుమంటుంది, రోగి "అబ్బా, కాల్లోకి వచ్చింది" అంటాడు, వైద్యుడు ఆగి దారి మారుస్తాడు. ఆ మాట కోసమే మెలకువ. సూది చేరాక అర మిల్లీమీటరు కూడా లేని గాజు తీగ లోపలికి వెళుతుంది. లేజర్ ఒక్కసారిగా వెలగదు. సెకను వెలుగు, కొంచెం ఆగడం, మళ్ళీ సెకను వెలుగు. మొత్తం శక్తి వెయ్యి, పదిహేను వందల జౌళ్ళు ఉంటుంది. ఆవిరైన గుజ్జు సూది గుండానే పొగలా పైకొస్తుంది, కాలిన వాసన గదిలో తెలుస్తుంది. మధ్య మధ్య ఆగడం ఆ ఆవిరికీ వేడికీ దారివ్వడానికే. ఆగకుండా కాలిస్తే వేడి పైనా కిందా ఉన్న వెన్నుపూసల అంచుల్లోకి పాకి ఎముకకి దెబ్బ తగులుతుంది. పని ముగిశాక సూది తీసి చిన్న అంటుపట్టీ వేస్తారు. కుట్లు లేవన్న మాట ఇక్కడ నిజమే.

ఇక్కడ వైద్యుడికి కనిపించనిది ఒకటి ఉంది: నరం. అతను చూసేది ఎక్స్‌రే నీడ. నరం మీద పడి ఉన్న ముక్క జోలికి సూది పోదు, డిస్కు నడుమ నుంచే ఒత్తిడి తగ్గిస్తుంది. కాబట్టి ఉబ్బు ఇంకా డిస్కుతో కలిసే ఉండి, పీచు పూర్తిగా తెగకపోతేనే ఈ పద్ధతికి అర్థం. ముక్క తెగి నరాల గొట్టంలోకి జారిపోయిందా, డిస్కులో ఎంత కాల్చినా ఆ ముక్క కదలదు. అరవై దాటాక వచ్చే నరాల గొట్టం ఇరుకు, అంటే స్టెనోసిస్, సంగతీ ఇంతే. కొంత దూరం నడవగానే పిక్కలు బరువెక్కి, కూర్చుంటే తేలికపడే జబ్బు అది. అక్కడ దారి మూసేది ఎక్కువగా మందమైన లిగమెంటూ, పెరిగిన కీళ్ళ ఎముకా. డిస్కులోకి సూది దించి ఏం లాభం? అయినా కరపత్రాల్లో స్టెనోసిస్‌నీ, పూస జారడాన్నీ, డిస్కు జారడాన్నీ ఒకే జాబితాలో రాసి, అన్నిటికీ లేజర్ అని అచ్చు వేస్తారు.

మొదటి ఇరవై ఏళ్ళు పీఎల్‌డీడీ గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం చేసినవాళ్ళే తమ రోగుల లెక్క చెప్పుకున్నవి. నలుగురిలో ముగ్గురికి మేలైందని చెప్పేవారు. ఆ లెక్కలో అబద్ధం లేకపోవచ్చు. కానీ సయాటికా తనంతట తానే తగ్గే జబ్బు కాబట్టి, పోల్చడానికి ఎదుటి గుంపు లేని లెక్కతో ఏదీ రుజువు కాదు. 2007లో కోక్రేన్ సంస్థ డిస్కు శస్త్రచికిత్సలన్నిటినీ సమీక్షించినప్పుడు, సరిగా ఎంచుకున్న రోగులకు డిసెక్టమీ త్వరగా ఉపశమనమిస్తుందని తేల్చి, లేజర్ దగ్గరకొచ్చేసరికి ఆధారం చాలదని వదిలేసింది.

ఆ లోటు తీర్చింది నెదర్లాండ్స్. అక్కడి ఆసుపత్రులు కలిసి 115 మంది సయాటికా రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశాయి: ఒక గుంపుకి లేజర్, మరో గుంపుకి మామూలు మైక్రో డిసెక్టమీ. రోగుల ఎంపికలో జాగ్రత్త పడ్డారు. నరాల గొట్టంలో మూడో వంతు కంటే తక్కువ చోటు ఆక్రమించిన చిన్న ఉబ్బులనే తీసుకున్నారు, అంటే లేజర్‌కి అనుకూలమైన రోగుల్నే. 2015లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత రోజువారీ పనులు చేసుకోగలగడంలో లేజర్ గుంపు వెనకబడలేదు. లేజర్ పక్షం వాళ్ళు ఈ వాక్యం దగ్గర ఆగిపోతారు. తర్వాతి వాక్యం కూడా చదవాలి. లేజర్ గుంపులో 38 శాతం మందికి ఏడాదిలోపు మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, మైక్రో డిసెక్టమీ గుంపులో 16 శాతం మందికి. కోలుకునే వేగం కూడా శస్త్రచికిత్స వైపే మొగ్గింది. రెండేళ్ళు గడిచేసరికి మళ్ళీ ఆపరేషన్ బల్లెక్కినవాళ్ళు లేజర్ వైపు 52 శాతం, అటువైపు 21 శాతం.

ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవచ్చు. పరిశోధకులే అన్నట్టు, ఆపరేషన్ తప్పదనుకున్నవాళ్ళలో దాదాపు సగం మంది సూదితోనే గట్టెక్కారు. చిన్న విషయం కాదిది. నెదర్లాండ్స్ లాంటి చోట, మొదట సూది, తగ్గకపోతే కత్తి అన్న మెట్ల పద్ధతిలో ఖర్చూ వాదనకి నిలుస్తుంది. కానీ మన దగ్గర కుటుంబం బంగారం కుదువ పెట్టి ఒక్కసారి ఆపరేషన్‌కి డబ్బు సర్దుకుంటుంది. సగం మంది మళ్ళీ రావాల్సి వచ్చే పద్ధతిని "ఒకే రోజులో శాశ్వత పరిష్కారం" అని వాళ్ళకి అమ్మడం నా దృష్టిలో మోసానికి బాగా దగ్గర. మెడ డిస్కుల్లోనూ పీఎల్‌డీడీ చేస్తారు, అక్కడ ఇంత పాటి పోలికా లేదు.

ఇంతకీ ఈ రోజుల్లో మన నగరాల్లో "లేజర్ ఆపరేషన్" అని చేసే వాటిలో చాలావరకు పీఎల్‌డీడీ కానే కావు. అవి ఎండోస్కోపీ ఆపరేషన్లు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చ సగం గందరగోళంగా తయారైంది.

ఎండోస్కోపీకి దారి వేసినవాడు ఫిలడెల్ఫియాలో పనిచేసిన పర్విజ్ కాంబిన్. నరం బయటికి వచ్చే చోట, నరానికీ కింది పూసకీ మధ్య త్రికోణాకారంలో ఉన్న సందులోంచి డిస్కుని సురక్షితంగా చేరొచ్చని చూపించాడు. సర్జన్లు దాన్ని ఇప్పటికీ కాంబిన్ త్రికోణమనే అంటారు. తర్వాత ఆంథొనీ యంగ్, హూగ్లాండ్, జర్మనీలో రూటెన్ వంటివాళ్ళు కెమెరాలనూ పనిముట్లనూ మెరుగుపరచి దీన్ని పూర్తి స్థాయి ఆపరేషన్‌గా మలిచారు. గాటు ఎనిమిది మిల్లీమీటర్ల దరిదాపు. అందులోంచి ఒకే గొట్టం. కెమెరా, దీపం, నీటి ధార, పనిముట్టు అన్నీ దాని గుండానే. తెర మీద చూస్తే నీళ్ళలో తేలుతున్న తెల్లటి దారపు పోగులు, సన్నటి రక్తనాళాలు, గుండె కొట్టుకున్నప్పుడల్లా కొద్దిగా కదిలే నరం. కొందరు సర్జన్లు డిస్కులోకి ముందే నీలిరంగు ఎక్కిస్తారు. చెడిన గుజ్జు ఆ రంగు పట్టుకుని నీలంగా కనిపిస్తుంది, నరం తెల్లగానే ఉండిపోతుంది. సన్నని పట్టకారుతో ఆ నీలి ముక్కని పట్టి మెల్లగా లాగితే ఒక్కోసారి చిటికెన వేలంత ముక్క బయటపడుతుంది. దాన్ని సీసాలో వేసి బంధువులకి చూపిస్తారు. అణిగి ఉన్న నరం ఒక్కసారిగా వదులైనట్టు తెర మీదే తెలుస్తుంది. పీఎల్‌డీడీలో లేనిది ఇదే, నరం వదులైందని కళ్ళతో చూడగలగడం.

మరి ఇందులో లేజర్ ఎక్కడుంది? కొన్ని చోట్ల హోల్మియమ్ లేజర్ వాడతారు. కిడ్నీ రాళ్ళు పగలగొట్టేది అదే లేజర్. దాని కాంతిని నీరు వెంటనే పీల్చేసుకుంటుంది కాబట్టి అర మిల్లీమీటరు కంటే లోతుకి వేడి పోదు. నీటిలో, నరం పక్కన పని చేయడానికి అది నియోడిమియమ్ కంటే మంచిది. దానితో చిట్లిన పీచు అంచుల్ని కాల్చి సరిచేస్తారు, చిన్న ఎముక మొనల్ని గీకుతారు, రక్తం కారే చోట మాడుస్తారు. పనికొచ్చేదే. అయితే అదే పనికి ఇప్పుడు ఎక్కువమంది సర్జన్లు రేడియో ఫ్రీక్వెన్సీ కొసనీ, ఎముకకి సన్నని డ్రిల్లునీ వాడుతున్నారు. చవక, వంచుకోవడానికి వీలు. ముక్కని తీసేది ఎలాగూ పట్టకారే. అంటే ఆపరేషన్ విజయంలో లేజర్ వాటా కొసరు, బోర్డు మీద మాత్రం అసలు.

ఎండోస్కోపీ విషయంలో ఆధారం బలంగా ఉంది, ఇది కూడా నెదర్లాండ్స్ నుంచే. 613 మంది రోగులతో చేసిన పోలికలో, ఏడాది తర్వాత కాలి నొప్పి విషయంలో ఎండోస్కోపీ మైక్రో డిసెక్టమీకి ఏమాత్రం తీసిపోలేదని 2022లో బీఎంజే పత్రికలో వచ్చింది. చిన్న గాటు, త్వరగా ఇంటికి వెళ్ళడం ఇక్కడ నిజమైన లాభాలు. నష్టం సర్జన్ వైపు ఉంది: నేర్చుకోవడం కష్టం. తెర మీద చూస్తూ, ఒకే గొట్టంలోంచి, చెయ్యి తిప్పే కోణం మీద ఆధారపడి చేసే పని. మొదటి కొన్ని పదుల కేసుల్లో చెయ్యి కుదురుకోదు. కాబట్టి "మీరు లేజర్ వాడతారా" కంటే "ఈ ఎండోస్కోపీలు మీరు ఎన్ని చేశారు, అందులో ఎంతమందికి మళ్ళీ చేయాల్సొచ్చింది" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. ఏ పద్ధతిలో చేసినా కొంతమందికి అదే డిస్కు మళ్ళీ జారుతుంది, వందలో 5 నుంచి 15 మంది దాకా. జారదని హామీ ఇచ్చే డాక్టరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

పేరుని ఎంత దూరం అమ్ముకోవచ్చో అమెరికా చూపించింది. ఫ్లోరిడాలోని టాంపాలో 2005లో మొదలైన లేజర్ స్పైన్ ఇన్‌స్టిట్యూట్ టీవీ ప్రకటనలతో దేశమంతా పాకి, ఎన్నో నగరాల్లో శాఖలు తెరిచింది. రోగులు విమానమెక్కి వచ్చేవారు. పేరులో లేజర్ ఉన్నా ఆపరేషన్లలో దాని పాత్ర చాలా తక్కువని, అసలు పని చిన్న గాటుతో ఎప్పటిలా చేసే డీకంప్రెషనేనని బయటి వెన్ను సర్జన్లు ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు. కోర్టు కేసులు వెంటాడాయి. 2019 మార్చిలో ఉన్నట్టుండి తలుపులు మూసేసింది. తేదీ ఖరారైన రోగులు దారి తెలియక మిగిలారు. మన దగ్గర డాక్టర్లు రోగుల కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని భారత వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది. కార్పొరేట్ ఆసుపత్రుల హోర్డింగుల మీద డాక్టర్ల ఫొటోలు ఎంత పెద్దవో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఈ చర్చలో అందరికంటే తక్కువ వినిపించేది, దేన్నీ అమ్మనిది, కాలం. 2007లో పీల్ అనే వైద్యుడి బృందం, మళ్ళీ నెదర్లాండ్స్‌లోనే, ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని తీసుకుంది. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతావాళ్ళకి మందులు, కదలిక, ఓపిక. ఓపిక పట్టినవాళ్ళలో 39 శాతం మంది ఏడాదిలోపు తట్టుకోలేక ఆపరేషన్ చేయించుకున్నారు. మిగతావాళ్ళకి అవసరమే రాలేదు. ఏడాది చివర రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. తేడా ఎక్కడంటే త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి నొప్పి ముందుగా తగ్గింది. నార్వేలో వెబర్ 1983లో ప్రచురించిన పదేళ్ళ పరిశీలన కూడా ఇదే తీరు: ఏడాదికి ఆపరేషన్ వాళ్ళు ముందంజ, పదేళ్ళకి తేడా లేదు.

ఇంకో విచిత్రం. ఎమ్మారైలో చూడగానే గుండె జారే పెద్ద ముక్క, పీచు తెంచుకుని బయటపడ్డ ముక్క, తనంతట తాను కరిగిపోయే అవకాశం ఎక్కువ. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని పరాయి వస్తువుగా చూసి తినేస్తాయి. 2015లో వచ్చిన ఒక సమీక్షలో పూర్తిగా తెగిన ముక్కల్లో 96 శాతం, బయటికి పొంగినవాటిలో 70 శాతం తగ్గుముఖం పట్టాయని తేలింది. కొద్దిగా ఉబ్బిన డిస్కుల్లో మాత్రం 13 శాతమే. అయితే ఆ కొద్దిపాటి ఉబ్బు చాలాసార్లు జబ్బే కాదు. 1994లో అమెరికాలో నడుం నొప్పి ఎరగని 98 మందికి ఎమ్మారై తీస్తే సగానికి పైగా, అంటే 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. ఫిల్ములో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "ఇక్కడ నరం నొక్కుతోంది" అనగానే మనం నమ్మేస్తాం. ఆ నరం ఎక్కడికి పోతుందో, రోగి తిమ్మిరి అక్కడే ఉందో లేదో, వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే ఎంత ఎత్తులో లాగిందో పోల్చి చూడకుండా చేసిన ఆపరేషన్, లేజర్ అయినా కత్తి అయినా, ఫిల్ముకి చేసిన వైద్యం. ఉబ్బు చిన్నది, నొప్పి నడుంలోనే తప్ప కాల్లో లేదు అన్న రోగులకే పీఎల్‌డీడీని ఎక్కువగా అమ్ముతారని నా అనుమానం. వాళ్ళ నొప్పి డిస్కు వల్లనో కాదో తెలియదు, మూడు నెలల్లో తగ్గినా పేరు సూదికే వస్తుంది.

ఆగకూడని రోగులు వేరు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, నడుస్తుంటే కాలి చెప్పు తెలియకుండా జారిపోతూ పాదం ఎత్తలేకపోతున్నా వారాలు లెక్కపెట్టడం కుదరదు. వాళ్ళకి కావలసింది నరం మీది భారాన్ని వెంటనే, కళ్ళెదుట తీసేసే ఆపరేషన్. డిస్కులో వేడి పుట్టించే సూదికి అక్కడ చోటు లేదు.

తెలుగు నేల మీద నడుం నొప్పికి ఇంకో రెండు కారణాలున్నాయి, యూరప్ పరిశోధనల్లో అవి కనిపించవు. ఒకటి వెన్ను క్షయ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు దాన్ని తోసిపుచ్చాలి. క్షయ పట్టిన డిస్కుని జారిన డిస్కనుకుని సూది దించితే నెలల మందులతో తగ్గే జబ్బు ముదిరిపోతుంది. రెండోది ఫ్లోరోసిస్. భారతదేశంలో ఈ జబ్బు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో తరాల తరబడి బోరు నీళ్ళు తాగినవాళ్ళకి వెన్ను లిగమెంట్లు ఎముకలా గట్టిపడి, నరాల గొట్టం లోపలి నుంచి ఇరుకైపోతుంది. నడుం వంగదు, మెడ తిరగదు, కాళ్ళు బిగుసుకుంటాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ రాజారెడ్డి లాంటివాళ్ళు ఈ రోగుల నరాల సమస్యల మీద చాలా ఏళ్ళు పనిచేశారు. అలాంటి వెన్నులో డిస్కు ఒత్తిడి తగ్గించడం వృథా. ఇరుకైన గొట్టాన్ని తెరవాలంటే ఎముక తీయాలి, అదీ రాయిలా గట్టిపడ్డ ఎముక. మర్రిగూడ నుంచో కనిగిరి నుంచో వచ్చిన పెద్దాయనకి ఎమ్మారైలో నాలుగు చోట్ల డిస్కు ఉబ్బిందని చూపించి లేజర్ ప్యాకేజీ చెప్పేవాళ్ళు, ఊరేదని అడిగితే సగం రోగ నిర్ణయం అక్కడే అయిపోయేది.

లేజర్ పేరు ఇంకోచోటా వినిపిస్తుంది. ఫిజియోథెరపీ గదుల్లో చర్మం మీద ఎర్రటి వెలుతురు పెట్టి, దాన్నీ "లేజర్ ట్రీట్‌మెంట్" అనే బిల్లు వేస్తారు. ఆ కాంతి బలహీనమైనది, డిస్కు దాకా పోదు, దేన్నీ ఆవిరి చేయదు. నొప్పి కొంత తగ్గిస్తే తగ్గించవచ్చు. ఆపరేషన్ లేజర్‌కీ దానికీ సంబంధమేమీ లేదు.

చివరికి ఇవన్నీ తేలేది బీమా కాగితం దగ్గర. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఆరోగ్య బీమా కంపెనీలు ఆధునిక చికిత్సలని చెప్పి తోసిపుచ్చకూడని పన్నెండు పద్ధతుల జాబితా ఇచ్చింది. అందులో లేజర్ ఒక్కచోటే ఉంది, ప్రోస్టేట్ గ్రంథి దగ్గర. రోబో శస్త్రచికిత్సలున్నాయి, మూలకణ చికిత్స ఉంది, వెన్ను లేజర్ లేదు. అంతమాత్రాన డబ్బు రాదని కాదు. ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి బీమా కంపెనీకి పంపే ఫారంలో ఆపరేషన్ పేరు రాయాల్సిన గడి ఒకటుంటుంది. హోర్డింగు మీద లేజర్ అని ఉన్నచోట ఆ గడిలో తరచు "ఎండోస్కోపిక్ డిసెక్టమీ" అనో "డిస్క్ డీకంప్రెషన్" అనో ఉంటుంది. రెండింటిలో ఏదన్నది సంతకం పెట్టే ముందే చదువుకుంటే, మొదట అడిగిన ప్రశ్నకి డాక్టరు ఇవ్వని జవాబు అక్కడ దొరుకుతుంది. మొదటిదైతే ముక్క బయటికొస్తుంది. రెండోదైతే సూది ఎంత లోపలికి, ఎవరి ఉబ్బుకి, తగ్గకపోతే తర్వాతి ఆపరేషన్ ఖర్చు ఎవరిదన్నది ఆ పూటే అడిగి తేల్చుకోవాలి.